ఎగ్జిట్ ఫారంలో లేని గడి

2025 సెప్టెంబర్ 30. దసరాకి ఇంకా రెండు రోజులుంది. సాయంత్రం నాలుగున్నరకి హెచ్‌ఆర్ గదిలో కూర్చుని, ఉద్యోగంలోంచి వెళ్లిపోయేటప్పుడు ఇవ్వాల్సిన ఎగ్జిట్ ఫారం నింపాను. ల్యాప్‌టాప్ అప్పగించారా, టిక్కు. ఐడీ కార్డు, టిక్కు. కంపెనీ సిమ్ము, బీరువా తాళాలు, క్యాంటీన్ బాకీ, అడ్వాన్సు బాకీ, అన్నిటికీ టిక్కులే. ఒక్కో గడి పక్కన ఒక్కో డిపార్ట్‌మెంటు సంతకం. మొత్తం తొమ్మిది గళ్లు. ఆ తొమ్మిదింట్లో హెల్త్ ఇన్సూరెన్స్ అనే మాట ఎక్కడా లేదు. వాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ రాత్రి పన్నెండు దాటగానే నాకు, నా భార్యకు, ఇద్దరు పిల్లలకు, అమ్మకు, నాయనకు, ఇంటిల్లిపాదికీ ఉన్న 3 లక్షల కవరేజీ ఆగిపోయింది.

ఆ సంగతి మాకు పదకొండో రోజున తెలిసింది.

అక్టోబర్ 11, రెండో శనివారం. రాత్రి అన్నం తిని మంచం మీద వాలిన నాయన, ఎడమ భుజం లాగుతోందన్నాడు. చూస్తుండగానే చొక్కా తడిసిపోయింది. ఆటోలో పొగతోటకి తీసుకెళ్లాం. నెల్లూరోళ్లకి చెప్పక్కర్లేదు, ఆ వీధుల్లో ఎటు తిరిగినా ఆస్పత్రే. లోపల ఈసీజీ తీస్తున్నారు, నేను ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర ఫోన్లో ఉన్న ఈ-కార్డు చూపిస్తున్నాను. ఆ కౌంటర్లో అమ్మాయి నంబరు కొట్టింది, మళ్లీ కొట్టింది, స్క్రీన్ నా వైపు తిప్పింది. "అన్నా, ఈ కార్డు సెప్టెంబర్ 30తో క్లోజ్ అయినట్టు చూపిస్తా ఉంది. ఇంకేమైనా పాలసీ ఉందా?" లేదమ్మా అన్నాను. "అయితే అడ్వాన్స్ కట్టాలన్నా" అంది, పాపం ఆ అమ్మాయి కూడా తలెత్తకుండానే. హెచ్‌ఆర్‌కి ఫోన్ చేశాను. సెలవు రోజు, పైగా రాత్రి, ఎవరు తీస్తారు. నాయనకి స్టెంట్ పడింది. బిల్లు 2 లక్షల 10 వేలు. నా భార్య గాజులు, అమ్మ గొలుసు బంగారం లోన్లోకి వెళ్లాయి. నాయన బతికాడు, ఇప్పుడు పొద్దున్నే మాగుంట లేఅవుట్ దాకా నడిచి వస్తున్నాడు, అది చాలు నాకు. కానీ ఆ కౌంటర్ దగ్గర నిలబడిన పది నిమిషాలు మరొకరికి రాకూడదని ఇది రాస్తున్నాను.

మా కంపెనీ రొయ్యలది. చెరువుల దగ్గర కొని, తలలు తీసి, పొట్టు తీసి, గడ్డకట్టించి అమెరికాకి కంటెయినర్లలో పంపడం. నేను అకౌంట్స్‌లో తొమ్మిదేళ్లు చేశాను. 2025 ఆగస్టు 27న, వినాయక చవితి రోజే, మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఆ తర్వాత జరిగింది ఇక్కడ ఆక్వా మీద బతికే ప్రతి ఇంటికీ తెలుసు. ఒప్పుకున్న ఆర్డర్లు ఆగాయి, ఒక షిఫ్టు తీసేశారు, తర్వాత ఆఫీసులో పేర్లు రాశారు. నా పేరు రావడం మీద నాకు కోపం లేదు. వ్యాపారం పడిపోయినప్పుడు మనుషుల్ని తగ్గిస్తారు, ఆ లెక్కలు నా చేతి మీదుగానే వెళ్లాయి. నా కోపమంతా ఆ తొమ్మిది గళ్ల కాగితం మీద.

ఎందుకంటే ఆ ఇన్సూరెన్స్ నాకు ఎవరూ ఊరికే ఇవ్వలేదు. ఆఫర్ లెటర్ తీసి చూడండి, మీది కూడా. సీటీసీ అని, అంటే మన మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు అని, ఒక పెద్ద అంకె ఉంటుంది, దాని కింద బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, పీఎఫ్, గ్రాట్యుటీ, ఆ వరసలోనే మెడికల్ ఇన్సూరెన్స్ అని ఒక లైను ఉంటుంది. అంటే నా జీతంలో భాగమని వాళ్లే రాసిచ్చారు. పైగా అమ్మానాయనల వాటా 2021 నుంచి నెలనెలా నా జీతంలోంచే కోసేవాళ్లు. చేరేటప్పుడు జీతమని చెప్పి, పోయేటప్పుడు కంపెనీ దయ అన్నట్టు మాట కూడా చెప్పకుండా తీసేస్తే ఎట్లా?

ఇంకో సంగతి, ఇది చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. ప్రతి నెలా హెచ్‌ఆర్ నుంచి ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక లిస్టు వెళ్తుంది, కొత్తగా చేరినవాళ్ల పేర్లు కలపమని, మానేసినవాళ్ల పేర్లు తీసేయమని. ఎండార్స్‌మెంట్ అంటారు దాన్ని. మా పాలసీలో, ఆ ఏడాది క్లెయిమ్ చేయని మనిషి పేరు తీసేస్తే మిగిలిన నెలల ప్రీమియం కంపెనీ ఖాతాకి తిరిగి జమ అయ్యేది. ఆ జమ ఎంట్రీ వేసేది నేనే. కొన్నేళ్ల పాటు వేశాను. ఒక్కో ఎంట్రీ వెనక ఒక ఇల్లు ఉందని, ఆ ఇంట్లో షుగరు మాత్రలు వేసుకునే ముసలాళ్లు ఉన్నారని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మా పాలసీ ఏప్రిల్ నుంచి మార్చి దాకా. నా పేరు తీసేస్తే ఆరు నెలల డబ్బు వెనక్కి వచ్చి ఉంటుంది. నా తర్వాత ఆ సీట్లో కూర్చున్నవాళ్లు ఆ ఎంట్రీ వేసి ఉంటారు.

ఇప్పుడు అసలు విషయం. ఆ రోజు ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే నేను చేయగలిగింది ఒకటుంది. కంపెనీ గ్రూపు పాలసీలో ఉన్న ఉద్యోగికి, అతనితో పాటు కవరైన కుటుంబానికి, ఉద్యోగం మానేసేటప్పుడు అదే ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే సొంత పాలసీలోకి మారే హక్కు ఉంది. మైగ్రేషన్ అంటారు. ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల్లో ఉన్న హక్కు ఇది, కొత్తదీ కాదు. ఆ ఐఆర్‌డీఏఐ ఎక్కడో ఢిల్లీలో ఉండదు, హైదరాబాద్‌లోనే ఉంటుంది. అయినా నెల్లూరులో నేను అడిగిన పది మందిలో ఒక్కరికీ ఈ మాట తెలియదు, వాళ్లలో ఇద్దరు హెచ్‌ఆర్‌లో పనిచేసేవాళ్లే.

మారితే ఏంటి లాభం, కొత్త పాలసీ కొనుక్కుంటే సరిపోదా అంటారేమో. సరిపోదు. సొంత పాలసీ కొత్తగా కొంటే మొదటి 30 రోజులు యాక్సిడెంటుకి తప్ప దేనికీ పైసా రాదు. శుక్లాలు, హెర్నియా, మోకాలి మార్పిడి లాంటివాటికి చాలా పాలసీల్లో రెండేళ్లు ఆగాలి. ముందే ఉన్న జబ్బులు, అంటే మన ఇళ్లల్లో షుగరు, బీపీ, వాటికి 36 నెలల దాకా ఆపే వీలు కంపెనీలకుంది. 2024 ఏప్రిల్‌కి ముందైతే ఇది 48 నెలలు. గ్రూపు పాలసీల్లో మామూలుగా ఈ ఆగుడు ఉండదు, చేరిన రోజు నుంచే అన్నీ కవరవుతాయి, అందుకే ఉద్యోగం చేస్తున్నన్నాళ్లు ఈ గొడవ మనకు తెలియను కూడా తెలియదు. మైగ్రేషన్‌లో ఏం జరుగుతుందంటే, గ్రూపులో మనం గడిపిన కాలాన్ని ఈ ఆగాల్సిన కాలంలోంచి తీసేస్తారు, పాత కవరేజీ మొత్తం వరకు. మా నాయన 2021 నుంచి, నాలుగేళ్లు తెగకుండా గ్రూపులో ఉన్నాడు. 36 నెలలూ ఎప్పుడో అయిపోయినట్టే లెక్క. సెప్టెంబర్ 30 లోపల ఒక దరఖాస్తు పడి, వాళ్లు ఒప్పుకుని ఉంటే, అక్టోబర్ 11 రాత్రి ఆ స్క్రీన్ మీద వేరే మాట కనపడేది.

ఒప్పుకుని ఉంటే అని ఎందుకన్నానంటే, హక్కు ఉన్నంత మాత్రాన కళ్లు మూసుకుని పాలసీ ఇచ్చేయరు. ఆరోగ్య వివరాలు అడుగుతారు, వయసుని బట్టి, జబ్బుని బట్టి ప్రీమియం వేస్తారు. గ్రూపులో కట్టినంత తక్కువ ఉండదు. అది న్యాయమే. కానీ అడిగే దారి ఒకటి ఉందని తెలియడం వేరు, ఆ తలుపు మూసేశాక తెలియడం వేరు. నాయన డిశ్చార్జి అయ్యాక నేను ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేస్తే, గ్రూపులో మీ సభ్యత్వం ముగిసింది సార్, రిక్వెస్ట్ ముందే రావాలి అన్నారు. తర్వాత రెండు కంపెనీల్లో కొత్త పాలసీకి అడిగాను. ఒకరు ఇవ్వమన్నారు. ఇంకొకరు ఇస్తామన్నారు, గుండెకీ షుగరుకీ మూడేళ్లు ఆగాలట, ఆ తర్వాత కూడా బిల్లులో 20 శాతం మేమే పెట్టుకోవాలట. అదే తీసుకున్నాను. నాయనకి 66 ఏళ్లు. ఈ మూడేళ్లు ఎట్లా గడుస్తాయో అని నాకు రోజూ టెన్షనే.

మా చిన్నాయన కొడుకు అమెరికాలో, డల్లాస్ పక్కన ఉంటాడు. వాడికి 2024లో ఉద్యోగం పోయింది. ఆ దేశంలో వైద్యం ఖర్చు గురించి వాడు చెప్తుంటే వినడానికే భయమేస్తుంది, మనకంటే వాళ్లు బాగున్నారని నేననను. కానీ వాడికి ఉద్యోగం పోయాక ఇంటికి పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. కోబ్రా అని అక్కడొక చట్టం, 1986 నుంచి ఉంది. 20 మంది, ఆ పైన ఉద్యోగులున్న కంపెనీలకి వర్తిస్తుంది. ఉద్యోగం పోయినవాడు అదే ఇన్సూరెన్స్‌ని మామూలుగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు. ఖర్చు మాత్రం మొత్తం మనదే, ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటా కూడా కలిపి, పైన 2 శాతం ఆఫీసు ఖర్చు. వాడి ముగ్గురి కుటుంబానికి నెలకి రెండు వేల డాలర్లు దాటింది. జీతం లేనివాడు అంత ఎక్కడ కడతాడు? అందుకే వాడు సంతకం పెట్టకుండా ఊరుకున్నాడు. కానీ నిర్ణయం తీసుకోవడానికి 60 రోజులు గడువిస్తారు, ఆ గడువులో ఎప్పుడు సరే అన్నా, పాత కవరేజీ ఆగిన రోజు నుంచే లెక్క కడతారు. నలభయ్యో రోజున వాడి కూతురు సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ రాత్రే ఆ ఉత్తరం వెతికి సంతకం పెట్టాడు. వెనకటి నెలల ప్రీమియం కట్టాడు, ఆస్పత్రి బిల్లు ఇన్సూరెన్స్ చూసుకుంది. అందులో నాకు నచ్చింది ఆ ఉత్తరం. ఆ ఉత్తరం పంపడం కంపెనీ ఇష్టం కాదు, చట్టం. ఎన్ని రోజుల్లో పంపాలో కూడా చట్టంలోనే రాసుంది.

అంత దూరం కూడా పోవద్దు. మా ప్లాంటులోనే గ్రేడింగ్ టేబుల్ దగ్గర పనిచేసే ఒకక్క ఉంది, నన్ను చిన్నబ్బాయా అని పిలుస్తుంది. షిఫ్టు తీసేసినప్పుడు ఆమెకీ పని పోయింది. ఆమె జీతం నెలకి 21 వేల లోపు, అందుకని ఈఎస్‌ఐలో, అంటే తక్కువ జీతం వాళ్లకి ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమాలో ఉంది. జీతంలో 0.75 శాతం ఆమెది, 3.25 శాతం కంపెనీది. ఈఎస్‌ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా కనీసం 78 రోజుల చందా పడితే, దానికి వైద్యం వచ్చే ఏడాది జనవరి నుంచి జూన్ దాకా ఉంటుంది. అంతకు ముందు ఆరు నెలలు కట్టిన చందా మీద డిసెంబర్ దాకా ఎటూ ఉంది. అంటే పని పోయిన తొమ్మిది నెలల తర్వాత కూడా, 2026 జూన్ ఆఖరు దాకా, ఆమెకి వైద్యం ఉంది. డిస్పెన్సరీలో గంటలు గంటలు కూర్చోవాలి, రెఫరల్ కోసం తిరగాలి, కొన్ని మందులు బయట కొనుక్కోమంటారు, అవన్నీ ఆమే చెప్పింది. అయినా ఉంది. 1948లో రాసిన చట్టం, పని పోయిన మనిషి మరునాడే ఒంట్లో బాగాలేక పడిపోవచ్చని అప్పుడే ఆలోచించి పెట్టింది. 46 వేల జీతం తీసుకున్న నాకు ఒక్క రోజు కూడా లేదు. ఈ తేడా ఆమె నోటినుంచి విన్న రోజు నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను.

"మనకి ఆరోగ్యశ్రీ ఉంది గదా, ఏందబ్బా నీ గోల" అని మా మేనమామ అన్నాడు. ఉంది. 2007లో మొదలైన ఆ పథకం ఈ జిల్లాలో ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో నాకు తెలుసు, మా పెద్దమ్మకి గుండె ఆపరేషన్ దాంట్లోనే అయింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్య సేవ. కానీ మాకు అవసరమైన 2025 అక్టోబర్ నాటికి, ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉన్న కుటుంబానికే అది. నా జీతం ఏడాదికి అయిదున్నర లక్షలు. ఉద్యోగం పోయిన నాడు నా ఆదాయం సున్నా, కాగితాల మీద మాత్రం ఇంకా అయిదున్నర లక్షలే. సచివాలయానికి వెళ్లి, ఆదాయం పత్రం మార్పించుకుని, కార్డు రాయించుకోవడం ఒక వారంలో అయ్యే పని కాదు, అందునా పేషంటుని ఐసీయూలో పెట్టుకుని తిరిగే పని అసలే కాదు. కేంద్రం 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టిన వయ వందన కార్డు ఇంకోటుంది, ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా. అది 70 నిండినవాళ్లకి. నాయనకి ఇంకా నాలుగేళ్లు. పేదవాళ్లకి ఒకటుంది, ముసలివాళ్లకి ఒకటుంది, నెలజీతం వస్తున్నంత కాలం మాకూ ఒకటుంది. మా జీతం ఆగిన నెలలోనే ఏదీ లేదు.

డబ్బు సంగతి. ఉద్యోగమే పోతే ప్రీమియం ఎక్కడినుంచి కడతాం అని మీరు అడిగితే నేను తప్పుపట్టను. నన్నూ అదే అడిగారు ఇంట్లో. నేను చెప్పేది ఒకటే. అందరికీ ఒకేసారి తీసుకోలేకపోతే, జబ్బున్న మనిషికి ముందు తీసుకోండి, కవరేజీ తగ్గించైనా సరే. వాయిదాల్లో కట్టే వీలు చాలా పాలసీల్లో ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, అది చిన్న మొత్తమేం కాదు. ఫైనల్ సెటిల్‌మెంట్‌లో సెలవుల డబ్బు వస్తే బండి ఈఎంఐ కంటే ముందు దీనికి తీసిపెట్టండి. బండి వాళ్లు వచ్చి తలుపు కొడతారు కాబట్టి మనం వాళ్లకి ముందు కడతాం, ఇన్సూరెన్స్ ఆగితే ఎవరూ తలుపు కొట్టరు. అన్నిటికంటే మంచిది, ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా నలభై దాటినవాళ్లు, కంపెనీది ఉన్నా సరే చిన్నదో పెద్దదో సొంతంగా ఒకటి ఇప్పుడే తీసుకోవడం, ఆ 36 నెలల గడియారం ఉద్యోగం ఉండగానే తిరిగిపోతుంది. ఫారంలో మాత్రం షుగరు దాచకండి. ఏజెంటు "అవన్నీ రాయక్కర్లేదులే సార్" అన్నా సరే, రాయండి. అయిదేళ్లు నిండకముందు క్లెయిమ్ పెడితే వాళ్లు తవ్వేది అక్కడే.

ఇక చేయాల్సినవాళ్ల సంగతి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఉద్యోగం తీసేసినా మానేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. మంచిదే. అదే రెండు రోజుల్లో ఇంకో కాగితం కూడా ఇవ్వాలని రాస్తే ఎవరికి కష్టం? మీ గ్రూపు కవరేజీ ఫలానా తేదీతో ముగుస్తుంది, మీరు ఇన్నేళ్లు తెగకుండా కవరై ఉన్నారు, సొంత పాలసీకి మారాలంటే ఈ నంబరుకి ఈ తేదీ లోపల అడగండి. మూడు వాక్యాలు. అట్లాగే, వెళ్లిపోయినవాడి పేరు మీద ఏడాదికి కట్టేసిన ప్రీమియాన్ని వెనక్కి తీసుకునే బదులు, కనీసం మూడు నెలలు ఆ కవరేజీని అతనికే వదిలేయాలి. కంపెనీకి అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఆ లెక్కలు తొమ్మిదేళ్లు రాసినవాడిగా చెప్తున్నాను. నా పాత కంపెనీకి ఈ రెండూ అడుగుతూ మెయిల్ పెట్టాను. ఇంతవరకు జవాబు రాలేదు. మళ్లీ పెడతాను.

చేపల మేత కంపెనీలో పనిచేసే నా స్నేహితుడికి ఈ నెలాఖరుతో ఉద్యోగం పూర్తి. వాళ్లమ్మకి కిడ్నీ సమస్య, మందులతో నెట్టుకొస్తున్నారు. మొన్న సోమవారం వాడితో పాటు నేనూ వాళ్ల ఆఫీసుకి వెళ్లాను. అక్కడి హెచ్‌ఆర్ అమ్మాయి మేము చెప్పింది ఓపిగ్గా విని, "ఇట్లాంటిది మమ్మల్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు సార్" అని, తన ఫోన్లోంచే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషికి ఫోన్ చేసింది. ప్రపోజల్ ఫారం మెయిల్లో వచ్చింది, శుక్రవారం లోపల పంపాలన్నారు. వాళ్లమ్మ పేరున్న పాత ఈ-కార్డులు 2022 నుంచి ఏడాదికొకటి దొరికాయి. 2023ది మాత్రం దొరకలేదు, వాడు పాత ఫోన్లో వెతుకుతున్నాడు.